పిలవని పేరంటాలకు సెలవు!

పొద్దున్నే కంప్యూటర్‌ బటన్‌ నొక్కి, వంటింట్లోకెళ్లి కాఫీ కలుపుకొచ్చినా తెరమీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌ క్లాసుకి టైమైపోతోందని పిల్లాడి గోల. 'పాతదైపోయింది, కొత్తది కొనాల్సిందే' అంటాడు నాన్న. 'లినక్స్‌ వేయిస్తే పరుగెడుతుందన్నారుగా?' అమ్మ నిలదీత.

విండోస్‌-10కి మైక్రోసాఫ్ట్‌ 2025 అక్టోబరు 14తో మద్దతు ఆపేసింది. విండోస్‌-11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. అలాంటివాటికి లినక్స్‌ మళ్లీ ఊపిరి పోస్తుంది. అయినా నత్తనడకేనా? తప్పు కంప్యూటర్‌ వయసుది కాకపోవచ్చు. మనం పిలవకుండానే వచ్చి కూర్చునే ప్రోగ్రాములది కావచ్చు!

ఎలా వస్తాయి?

చాటింగ్‌, గేమ్స్‌, ఫైళ్లను నెట్‌లో దాచే ప్రోగ్రాములు... ఇలాంటివాటిలో కొన్ని ఇన్‌స్టాల్‌ చేసినప్పుడే 'రోజూ పొద్దున్నే నన్నూ లేపండి' అని ఒక చీటీ రాసిపెట్టేస్తాయి. ఆ చీటీ డెస్క్‌టాప్‌ అనే ఓ చిన్న ఫైలు. ఇవి ఉండే చోట్లు ముఖ్యంగా రెండు. ఒకటి, ఇంట్లో అందరికీ వర్తించే సిస్టమ్‌ ఫోల్డర్‌. రెండోది, ఎవరి హోమ్‌ ఫోల్డర్‌లో వారికి ఉండే ఆటోస్టార్ట్‌. మనం పాస్‌వర్డ్‌ కొట్టి లోపలికి రాగానే లినక్స్‌ ఈ చీటీలన్నీ చదివి ఒక్కొక్కరినీ లేపుతుంది. అందరూ ఒకేసారి మెమరీ కోసం ఎగబడితే మనం అడిగిన బ్రౌజర్‌ క్యూలో చివర నిలబడుతుంది.

ఒక్క టిక్కు చాలు

లినక్స్‌ మింట్‌లో అయితే మెనూలో 'స్టార్టప్‌ అప్లికేషన్స్‌' తెరవాలి. కేడీఈలో సిస్టమ్‌ సెట్టింగ్స్‌లోని 'ఆటోస్టార్ట్‌', ఎక్స్‌ఎఫ్‌సీఈలో 'సెషన్‌ అండ్‌ స్టార్టప్‌'. అక్కడ కనిపించే జాబితాలో అక్కర్లేనిదాన్ని ఆపేస్తే సరి. ప్రోగ్రామ్‌ ఎక్కడికీ పోదు. కావాల్సినప్పుడు మెనూలోంచి తెరుచుకోవచ్చు. పైగా నాన్న తన లాగిన్‌లో ఆపినంత మాత్రాన పిల్లాడి లాగిన్‌లో ఆగిపోదు. ఎవరి జాబితా వారిదే!

ఆపినా మర్నాడు మళ్లీ ప్రత్యక్షమైందా? అప్పుడు ఆ ప్రోగ్రామ్‌నే తెరిచి, దాని సెట్టింగ్స్‌లో 'కంప్యూటర్‌తోపాటే మొదలవ్వు' అన్న అర్థం వచ్చే టిక్కు తీసేయాలి. లేదంటే అది మళ్లీ చీటీ రాసుకుంటుంది. కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈల్లో మరో తిరకాసుంది. నిన్న మూయకుండా వదిలేసిన కిటికీలను ఇవాళ మళ్లీ తెరిచే సదుపాయం వాటిలో ఉంది. అదే కారణమైతే సెషన్‌ సెట్టింగ్స్‌లో దాన్ని ఆపాలి.

తెరవెనుక పనివాళ్లు

ఎవరూ లాగిన్‌ కాకముందే పనిలోకి దిగేవీ ఉన్నాయి. ప్రింటర్‌, బ్లూటూత్‌ లాంటి సర్వీసులన్నమాట. ప్రముఖ లినక్స్‌ రకాల్లో వీటిని నడిపేది సిస్టమ్‌డీ. టెర్మినల్‌లో 'సిస్టమ్‌డీ-అనలైజ్‌ బ్లేమ్‌' అని కొడితే ఏది ఎంతసేపు తీసుకుందో సెకన్లతో సహా చెప్పేస్తుంది. అయితే జాబితాలో పైనున్నదే దోషి అనుకోనక్కర్లేదు. చాలా సర్వీసులు పక్కపక్కనే మొదలవుతాయి కాబట్టి ఒకటి ఆలస్యమైనా మిగతావి ఆగకపోవచ్చు.

సర్వీసును 'డిజేబుల్‌' చేస్తే మర్నాటి నుంచి తనంత తానుగా లేవదు. కానీ వేరే ప్రోగ్రామ్‌ అవసరమై లేపొచ్చు. 'మాస్క్‌' చేస్తే మాత్రం ఎవరు పిలిచినా పలకదు. ప్రింటర్‌ సర్వీసును అలా మాస్క్‌ చేసి మరిచిపోతే హాల్‌టికెట్‌ ప్రింట్‌ తీయాల్సిన రోజున తిప్పలే! ఈ మార్పులు ఇంట్లో అందరికీ వర్తిస్తాయి. అందుకే అడ్మిన్‌ పాస్‌వర్డ్‌ అడుగుతుంది.

వీటి జోలికి వద్దు

అన్నీ అతిథులే అనుకుని తలుపేస్తే ఇంటివాళ్లే బయట ఉండిపోతారు. నెట్‌వర్క్‌, పాస్‌వర్డ్‌లు దాచే కీరింగ్‌, అడ్మిన్‌ పాస్‌వర్డ్‌ అడిగే పాలసీకిట్‌, అప్‌డేట్లు వచ్చాయని చెప్పే ప్రోగ్రామ్‌... వీటిని కదపకూడదు. కీబోర్డు బ్లూటూత్‌దైతే ఆ సర్వీసునీ ముట్టుకోవద్దు. పేరు చూసి అర్థంకాని దాన్ని అలాగే వదిలేయడం మేలు.

ఇంకో సూత్రం... రోజుకు ఒక్కటే ఆపాలి. ఆపినదాని పేరు డైరీలో రాసుకోవాలి. ఏదైనా తేడా వస్తే తిరిగి టిక్కు పెట్టేయొచ్చు. ఫైళ్లను డిలీట్‌ చేస్తే ఆ వీలుండదు.

ఇవన్నీ చేసినా వేగం పెరగలేదా? పాత హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్‌ఎస్‌డీ వేయించొచ్చేమో మెకానిక్‌ని అడగొచ్చు. కొత్త కంప్యూటర్‌ ధరతో పోలిస్తే అది తక్కువ ఖర్చే. ముందు మాత్రం పైసా ఖర్చులేని ఆ టిక్కులు తీసి చూడాలి. కాఫీ కప్పు ఖాళీ అయ్యేలోపే పిల్లాడు క్లాసులో కూర్చోవచ్చు!