చన్నపట్న బొమ్మకు రక్షణ సరే, చేసినవానికి దక్కేదెంత?

బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్ రహదారి 2023 మార్చిలో ప్రారంభమైంది. సుమారు 118 కిలోమీటర్ల పొడవున, రూ. 8,480 కోట్ల వ్యయంతో నిర్మించిన ఈ రహదారి రామనగర, చన్నపట్న పట్టణాలలోకి ప్రవేశించకుండా వెలుపలి నుంచే సాగిపోతుంది. ప్రయాణికులకు కాలం కలిసివచ్చింది. పాత రహదారికి ఇరువైపులా కొయ్యబొమ్మల దుకాణాలు నడుపుకొంటున్న చన్నపట్న వర్తకులకు మాత్రం బేరాలు పడిపోయాయి. దారిలో కాసేపు వాహనం ఆపి, చంటిబిడ్డకు ఒక గిలక్కాయో, ఇంటికి ఒక కుంకుమ భరిణో కొనుక్కుపోయే బాటసారులే ఆ దుకాణాలకు ఆధారం. ఇప్పుడు ఆ బాటసారులు ఊరి పొలిమేరల నుంచే తరలిపోతున్నారు.

దుకాణదారుల మొర పత్రికలకెక్కింది. కాగా, ఆ దుకాణాలకు సరుకు సమకూర్చే ఇళ్ళలోని పనివారి సంగతి అంతగా వెలుగులోకి రాలేదు. చన్నపట్న బొమ్మల పరిశ్రమ అనగానే పెద్ద కర్మాగారాలను ఊహించుకోరాదు. 2006 నాటి లెక్కల ప్రకారం ఈ పట్టణంలో ఇళ్ళలో నడిచే తయారీ కేంద్రాలు 254, చిన్న కర్మాగారాలు 50 ఉండగా, 6,000 మందికి పైగా ఈ పనిమీద జీవించేవారు. ఈ అంకెలు పాతవే అయినా పరిశ్రమ స్వరూపం వీటివల్ల బోధపడుతుంది. ఇంటి పంచలోనో, ముందు గదిలోనో ఒక తరిమెన (లేతు), దాని పక్కన కర్ర ముక్కల పోగు, గోడవారగా లక్క కడ్డీలు. భర్త కర్రను చెక్కితే భార్య రంగు వేయడం, విడిభాగాలు కూర్చడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. శిక్షణ పొంది స్వయంగా తరిమెన పడుతున్న స్త్రీలు కూడా ఉన్నారు.

పని చూడడానికి సులువుగా కనిపిస్తుంది. నిజానికి దానిలో తొందరపాటుకు తావులేదు. కొట్టి తెచ్చిన కర్రను ముందుగా బాగా ఆరబెట్టాలి. పచ్చిదనం ఉండగానే తరిమెనకు ఎక్కిస్తే బొమ్మ తయారైన కొంతకాలానికి బీటలు వారుతుంది. ఆరిన కర్రను ముక్కలుగా కోసి, తిరిగే తరిమెనకు బిగించి, ఉలితో కావలసిన రూపానికి తెస్తారు. పూర్వం దీనిని తాడుతో, కమానుతో చేతితోనే తిప్పేవారు. ఇప్పుడు అధికభాగం విద్యుత్తుతో నడుస్తున్నవే. చెక్కిన ముక్కను గరుకు కాగితంతో నునుపుచేసిన పిమ్మట, అది గిర్రున తిరుగుతూ ఉండగానే రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనించి నొక్కుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రమీద పొరగా పరుచుకుంటుంది. కుంచెతో పనిలేదు. ఆపైన మొగలి ఆకును అదిమిపట్టి లక్కను సమంగా సర్దుతారు. బొమ్మకు అద్దంవంటి మెరుపు వచ్చేది ఈ ఆకువల్లనే. వేడి చాలకపోతే రంగు అంటదు, ఎక్కువైతే మాడుతుంది. ఎంత వేడి చాలునో చేతికి తెలియాలే గాని చెప్పడానికి కొలత లేదు.

తరిమెన మీద గుండ్రని ఆకారాలే వస్తాయి కనుక చన్నపట్న బొమ్మల తలలు బంతులుగా, ఒళ్ళు స్తంభాలుగా ఉంటాయి. మిగిలిన అవయవాలను విడిగా చేసి అతుకుతారు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లక్కపిడతలు తయారయ్యేది ఇలాగే. చన్నపట్నవారు ఆలె మర అని పిలిచే చెట్టు, ఏటికొప్పాకవారి అంకుడు చెట్టు ఒకటే. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో ఉండే ఈ కర్ర ఉలికి చక్కగా లొంగుతుంది. ఈ కర్రకే రెండుచోట్లా కటకట ఏర్పడడం గమనార్హం. అడవి నుంచి తెచ్చుకోవడానికి ఆంక్షలు అడ్డువస్తాయి. తోటల్లో పెంచుదామంటే చెట్టు చేతికందడానికి ఏళ్ళు పడుతుంది. అందువల్ల చన్నపట్నలో రబ్బరు కర్రవంటి ఇతర రకాలను కూడా వాడుతున్నారు. పెద్ద మొత్తంలో కర్ర కొని నిలువచేసుకునే స్తోమత ఇంటి పనివానికి ఉండదు. కర్ర, లక్క ఎవరు అప్పుగా ఇస్తే సరుకును వారికే ఇవ్వవలసి వస్తుంది. ఇక ధర నిర్ణయించేది ఎవరో చెప్పనక్కరలేదు.

ఈ కళను టిప్పు సుల్తాను పారశీక కళాకారులను రప్పించి ఇక్కడ నేర్పించాడని ప్రతీతి. తరువాతి కాలంలో జపాను పద్ధతులను ఇక్కడివారికి పరిచయం చేసిన బావాస్ మియాను ఈ బొమ్మలకు పితామహుడుగా స్థానికులు చెప్పుకొంటారు. అటుపిమ్మట చైనా ప్లాస్టిక్ బొమ్మలు మార్కెట్టును ముంచెత్తగా, ఎందరో పనివారు తరిమెన కట్టిపెట్టి వేరే దారి చూసుకున్నారు.

ఆ పరిస్థితి కొంత మారిన మాట వాస్తవం. చన్నపట్న బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. దిగుమతి బొమ్మలపై 20 శాతంగా ఉన్న సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో 60 శాతానికి, 2023 బడ్జెట్టులో 70 శాతానికి పెంచింది. భారత ప్రమాణాల సంస్థ ముద్ర లేని బొమ్మలు విక్రయించరాదన్న ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. ఫలితంగా 2018-19లో 37 కోట్ల 10 లక్షల డాలర్లుగా ఉన్న బొమ్మల దిగుమతులు 2021-22 నాటికి 11 కోట్ల డాలర్లకు పడిపోయాయి. అదే కాలంలో ఎగుమతులు 20 కోట్ల 20 లక్షల డాలర్ల నుంచి 32 కోట్ల 60 లక్షల డాలర్లకు పెరిగాయి. అయితే ఈ అంకెలు మొత్తం బొమ్మల పరిశ్రమవి, వాటిలో ప్లాస్టిక్ కర్మాగారాల వాటా కూడా కలిసి ఉన్నదని మరువరాదు.

నాణ్యతా ఉత్తర్వు యథాతథంగా అమలైతే అంచులు, రంగులు, లోహాల పాళ్ళు మొదలైనవాటిని పరీక్ష చేయించి లైసెన్సు పొందడం ఒక్క తరిమెనవానికి సాధ్యమయ్యే పనికాదు. ఆ సంగతి గ్రహించి కేంద్రం 2020 డిసెంబరులోనే ఉత్తర్వును సవరించింది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు తయారుచేసి విక్రయించే వస్తువులకు మినహాయింపు ఇచ్చింది. భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మల విషయంలోనూ నమోదైన యజమానికి, అధీకృత వినియోగదారులకు ఇదే వెసులుబాటు కల్పించింది.

చిక్కు ఇక్కడే ఉంది. మినహాయింపు వర్తించేది ‘తయారుచేసి విక్రయించే’ కళాకారునికి. చన్నపట్న ఇళ్ళలో అనేకులు తయారీదారులే గాని విక్రేతలు కారు. ముక్కకింత అని కూలి తీసుకొని సరుకు అప్పగిస్తారు. అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకోవడానికి దరఖాస్తు, దస్తావేజులు కావాలి. ఆ ఓపిక, తెలివిడి వర్తకునికి ఉన్నంతగా రోజంతా తరిమెన ముందు కూర్చునేవానికి ఉండదు. చట్టం తన ఎదుట ఊహించుకున్న కళాకారుడు ఒకరు, పంచలో పనిచేస్తున్నవారు మరొకరు.

మరి ఆ పనివాడే స్వయంగా విక్రేత కావాలనుకుంటే? దారిన పోయేవారు ఆగని ఈ రోజుల్లో ఇంటర్నెట్ అంగళ్ళే దిక్కు అని సలహా ఇచ్చేవారు చాలామంది. ఇందులోనూ నిబంధనలను జాగ్రత్తగా చదువుకోవాలి. చన్నపట్న బొమ్మలు ప్రభుత్వ హస్తకళల జాబితాలో పేరుతో సహా ఉన్నాయి. సాలీనా రూ. 20 లక్షల లోపు వ్యాపారం చేసే హస్తకళాకారుడు జి.ఎస్.టి. నమోదు లేకుండానే ఇతర రాష్ట్రాలకు సరుకు పంపవచ్చునని 2017 సెప్టెంబరులో కేంద్రం ప్రకటించింది. పాన్ నంబరు ఉంటే చాలును. కానీ ఈ-కామర్స్ సంస్థల ద్వారా అమ్మేవారి సంగతి వేరు. నమోదు లేని చిన్న వర్తకులు వాటి ద్వారా అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి అనుమతి ఇచ్చినా, అది స్వరాష్ట్రంలోపలి అమ్మకాలకే పరిమితం. కనుక చన్నపట్న పనివాడు ఆ సంస్థల ద్వారా బెంగళూరుకు బొమ్మ అమ్మవచ్చును. నమోదు లేనిదే హైదరాబాదుకు అమ్మజాలడు. నమోదు చేయించుకుంటే నెలనెలా లేదా మూడు నెలలకొకసారి లెక్కలు దాఖలు చేయాలి, దానికి ఒక మనిషికి రుసుము చెల్లించాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొయ్యబొమ్మలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గడం కొనేవారికి ఊరటే. ఈ కాగితాల పని మాత్రం దానితో తగ్గలేదు.

మధ్యవర్తి లేకుండా నేరుగా పొరుగు రాష్ట్రపు కొనుగోలుదారుకు పంపుదామంటే మరొక మెలిక ఉంది. ఇతర వర్తకుల సరుకు విలువ సాధారణంగా రూ. 50,000 దాటితేనే రవాణాకు ఈ-వే బిల్లు కావాలి. నమోదు నుంచి మినహాయింపు పొందిన హస్తకళాకారుడు రాష్ట్రం దాటించే సరుకుకు మాత్రం విలువతో నిమిత్తం లేకుండా ఆ బిల్లు ఉండాలి. అనగా వంద రూపాయల గిలక్కాయను ప్రైవేటు రవాణా సంస్థ ద్వారా హైదరాబాదుకు పంపినా బిల్లు తీయవలసిందే. తపాలా శాఖ మోసుకుపోయే సామగ్రికి ఈ నిబంధన వర్తించదు.