ఇన్ని రిమోట్లకు ఒక్కటి!

టీపాయ్ మీద టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, ఏసీది ఇంకొకటి. ఏది నొక్కాలో తెలీక, మనవడు బడి నుంచి వచ్చేదాకా బామ్మ సీరియల్ ఆగిపోతుంది. 'అన్నిటికీ ఒక్కటే ఉంటే...' అనుకోని ఇల్లుంటుందా?

యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్‌దీ అదే ఆలోచన. 1987లో ఆయన కంపెనీ సీఎల్ 9 'కోర్' అనే రిమోట్ తెచ్చింది. పాత రిమోట్‌ను ఎదురుగా పెట్టి మీట నొక్కితే ఆ పరారుణ సంకేతాన్ని నేర్చేసుకునేది. కానీ దానికి పాఠం చెప్పడమే మామూలు జనానికి తలనొప్పి!

చిక్కు ఇప్పటికీ అదే. హాల్లోకి ఒక యూనివర్సల్ రిమోట్, పడగ్గదికి మరొకటి కొన్నా పాతవి పారేయలేం. నేర్చుకునే రకానికి అసలు రిమోటే గురువు మరి! బ్లూటూత్‌తో పనిచేసే పరికరాలు చాలావరకు పరారుణ రిమోట్ మాట వినవు. కొనేముందే అడగండి. రిమోట్ పనిచేస్తోందో లేదో తెలియాలంటే సెల్‌ఫోన్ కెమెరా ముందు మీట నొక్కండి. చాలా ఫోన్లలో వెలుగు కనిపిస్తుంది.

అన్నట్టు, బామ్మకు కావలసింది ఆన్-ఆఫ్, చానల్, వాల్యూమ్... అంతే. ఆ మీటలకు రంగు స్టిక్కర్లు అంటించండి. ఇక ఆవిడ ఎదురుచూసేది సీరియల్ కోసం కాదు, అచ్చంగా మనవడి కోసమే!