బ్యాటరీ పలకలలో ఏమి జరుగుతుంది?

తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాలలో కరెంటు పోతే ఎన్నో ఇండ్లను ఆదుకొనేది ఇన్వర్టరు బ్యాటరీ. దానిని చాలామంది కరెంటు నింపుకొనే కుండ అనుకొంటారు. నిజానికి అందులో నిలవ ఉండేది రసాయన శక్తి.

సామాన్యంగా ఈ బ్యాటరీలో గంధకామ్లంలో మునిగిన సీసపు పలకలుంటాయి. ఒకటి బూడిదరంగు స్పాంజి సీసం. మరొకటి ముదురు గోధుమరంగు సీసపు డయాక్సైడు. దీపం వెలుగుతున్నంతసేపూ రెండూ క్రమంగా తెల్లని సీసపు సల్ఫేటుగా మారుతుంటాయి. ఈ సల్ఫేటుకు, అది పుట్టిన సీసం కంటే సుమారు రెండున్నర రెట్లు చోటు కావాలి. అందుచేత పలక ఉబ్బుతుంది. ఛార్జి చేస్తే సల్ఫేటు విడిపోయి పలకలు పూర్వరూపం దాలుస్తాయి, ఆమ్లం చిక్కబడుతుంది. ఇలా ఉబ్బుతూ, తగ్గుతూ ఉండగా పలకలోని పదార్థం కొంత రాలిపోతుంది. అదే బ్యాటరీకి వచ్చే ముసలితనం.

ఈ పద్ధతిని 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. తిరుత్తణి 1960 వరకు చిత్తూరు జిల్లాలోనిదే. ఆ పాత జిల్లాకే చెందిన కరకంబాడిలో అమరరాజా వారు ఈ రకం బ్యాటరీలు తయారు చేస్తున్నారు.

ముసలితనాన్ని ఆపలేము గాని, అకాలమరణాన్ని తప్పించవచ్చు. ఖాళీ అయిన బ్యాటరీని రోజుల తరబడి వదిలేస్తే సల్ఫేటు రేణువులు పెద్ద స్ఫటికాలుగా పెరిగి గట్టిపడతాయి. తరువాత ఎంత ఛార్జి చేసినా సరిగా కరగవు. కాబట్టి సెలవులకు ఊరికి వెళ్ళేముందు బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయండి. నీరు తగ్గితే డిస్టిల్డు వాటరే పోయండి. కుళాయి నీటిలోని లవణాలు పలకలను పాడుచేస్తాయి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజను వాయువు వెలువడుతుంది గనుక, దగ్గర దీపం వెలిగించకండి.