క్రోమ్‌కు తుప్పు పట్టదు, మరి రిమ్ముకెందుకు?

పాత బుల్లెట్ బండి చక్రాన్ని దగ్గరగా చూస్తే, స్పోకు బిగించే నిపుల్ చుట్టూ చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి. కడిగిన నీళ్లు ఆరకుండా నిలిచేది అక్కడే. క్రోమ్‌కు తుప్పు పట్టిందంటారు చూసినవాళ్లు. నిజానికి ఆ తుప్పు క్రోమ్‌ది కాదు, దాని కిందున్న ఇనుముది.

సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి ఖనిజంలో 1797లో క్రోమ్ లోహం జాడ పట్టినవాడు ఫ్రెంచి రసాయనవేత్త లూయీ నికొలా వోక్లాన్. దాన్ని మరో లోహం మీద నమ్మకంగా పూయడం మాత్రం ఆ తర్వాత వందేళ్లు దాటినా కుదరలేదు. క్రోమిక్ ఆమ్ల ద్రావణంలో విద్యుత్తు పంపి పూత వేయడం గురించి జార్జ్ సార్జెంట్ 1920లో ప్రచురించాడు. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కాలిన్ ఫింక్, చార్లెస్ ఎల్‌డ్రిడ్జ్ ఆ పనిని ఫ్యాక్టరీలకు అక్కరకొచ్చేలా తీర్చిదిద్దారు. కిటుకంతా పాళ్లలోనే ఉంది: 100 పాళ్ల క్రోమిక్ ఆమ్లానికి సుమారు ఒక పాలు సల్ఫేటు. ఆ లెక్క తప్పితే పూత సరిగా పడదు. 1926లో ఫింక్‌కు పేటెంటు దక్కింది. ఆ దశాబ్దం ముగిసేలోగా అమెరికా కార్ల ముందుభాగాలు తళతళలాడసాగాయి.

ఇంతకీ ఆ తళుకు మందమెంత? ఇనుము మీద ముందు 10 నుంచి 30 మైక్రాన్ల నికెల్ వేస్తారు. దానిపైన వేసే క్రోమ్ సాధారణంగా అర మైక్రాను కూడా ఉండదు. తల వెంట్రుక మందంలో నూరో వంతు కన్నా తక్కువన్నమాట!

గాలి తగలగానే క్రోమ్ తనమీద తానే ఆక్సైడు పొర కట్టుకుంటుంది. దాని మెరుపు చెడకపోవడానికి అదే కారణం. అయితే ఇంత పలుచని పూతలో కంటికి కనబడని రంధ్రాలు, పగుళ్లు తప్పవు. నీరు, ఉప్పు వాటిలోంచి దిగి నికెల్‌ను మెల్లగా తినేస్తాయి. ఇనుము దాకా చేరాక తుప్పు ఉబ్బి, పైపూతను పొక్కులా లేపుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల ఉప్పుగాలిలో ఈ పని మరింత వేగంగా సాగుతుంది.

పైపైన పట్టిన తుప్పును ఇంట్లోనే వదిలించవచ్చు. సబ్బునీటితో మట్టి కడిగి, వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండ చేసి, నీటిలో ముంచి రుద్దాలి. క్రోమ్ కన్నా అల్యూమినియం చాలా మెత్తన కాబట్టి గీతలు పడే భయం తక్కువ. తుప్పు ముద్దగా ఊడివస్తుంది. శుభ్రంగా కడిగి, పొడిగుడ్డతో తుడిచి మైనం రాస్తే సూక్ష్మరంధ్రాలలోకి తేమ అంత తేలిగ్గా దిగదు. ఎమెరీ పేపరు, గిన్నెలు తోమే ఇనుప పీచు మాత్రం వాడొద్దు. బాత్‌రూములు కడిగే యాసిడ్ అసలే వద్దు. అందులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తుప్పుతో పాటు క్రోమ్‌నూ కరిగిస్తుంది.

పూత పోయినచోట మళ్లీ వేయించడం ఖరీదైన పని, ప్రమాదంతో కూడినది కూడా. పాత పద్ధతి ద్రావణంలో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం ఆవిరి ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది. అందుకే అలంకరణ పూతల్లో దాని వాడకాన్ని 2027 నాటికి ఆపాలని కాలిఫోర్నియా 2023లో నిర్ణయించింది. ట్రైవాలెంట్ క్రోమియం దాని స్థానంలోకి వస్తోంది.

రిమ్మును గోటితో తడిమి చూడండి. పూత పెచ్చులుగా లేస్తుంటే రుద్దడం ఆపేసి ప్లేటింగ్ షాపుకు ఇవ్వండి. నున్నగానే ఉంటే ఫాయిల్ ఉండ చాలు.