చందమామ చిత్రకారులు

చందమామ పిల్లల మాసపత్రికకు బొమ్మలు గీసినవారిలో ఎం.టి.వి.ఆచార్య, చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య (వపా) ముఖ్యులు. కడప జిల్లా పొట్టిపాడులో జన్మించిన బి.నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో మద్రాసు నుండి ఈ పత్రికను ప్రారంభించాడు. ఇతర భాషల సంచికలలోనూ ఇవే బొమ్మలు వాడేవారు. కనుక అనువాదంతో పనిలేకుండా అన్ని భాషల పిల్లలకూ చేరినవి ఈ బొమ్మలే.

శైలీ భేదాలు

చిత్ర (టి.వి.రాఘవన్), శంకర్ (కె.సి.శివశంకరన్) బొమ్మలను పక్కపక్కన ఉంచితే సంతకం చూడకుండానే పోల్చుకోవచ్చును. శంకర్ మద్రాసు ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో శిక్షణ పొందాడు. ఆలయ స్తంభాలను, నగలను, వస్త్రాల మడతలను సన్నని కలం గీతలతో దేనికది స్పష్టంగా కనబడేలా గీసేవాడు. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుని బొమ్మ ఈయనదే. బేతాళ కథలను మరచినవారికి కూడా ఆ బొమ్మ గుర్తుండడం విశేషం. చిత్ర బలం కదలికలో ఉన్నది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలకు ఆయన గీసిన రాక్షసులు, వింత మృగాలు పేజీ దాటి దూకబోతున్నట్లుంటాయి.

వపా పద్ధతి పూర్తిగా వేరు. ఆయన ముఖచిత్రాలలో గీత కన్న రంగుకే ప్రాధాన్యం. నీటిరంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, హద్దు ఎక్కడున్నదో తెలియదు. 'యువ' మాసపత్రికకు వేసిన చిత్రాలలో ఈ గుణం మరింత కనబడుతుంది.

వపా 1992లో మరణించాడు. దాదాపు 60 సంవత్సరాలు చందమామకు పనిచేసిన శంకర్ 2020లో మరణించగా, 2021లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. అప్పటికే పత్రిక ఆగిపోయింది.