పాడె కట్టే ముందు

సింహాద్రిపురం లాంటి మన పల్లెల్లో ఒక ప్రాణం పోయిందనిపిస్తే ముందు పిలిచేది డాక్టరును కాదు, నాలుగు చావులు చూసిన పెద్దమనిషిని. ఆయన ముక్కు దగ్గర దూది పెడతాడు, నాడి పట్టుకుంటాడు, అరికాళ్లు తడుముతాడు. ‘చల్లబడింది’ అంటాడు. ఏడుపులు లేస్తాయి.

నా భయమంతా ఆ ఒక్క మాట మీదే. వేసవి మధ్యాహ్నం ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మనిషి ఒంటి వేడి 37. బయట అంతకన్నా వేడిగా ఉంటే శవం చల్లబడదు. బీపీ పడిపోయిన మనిషికి బతికుండగానే కాళ్లూ చేతులూ చల్లబడతాయి. అందుకే డాక్టరు కొన్ని నిమిషాలపాటు గుండె చప్పుడు, ఊపిరి వింటాడు. టార్చి వేసి కంటిపాప ముడుచుకుంటుందేమో చూస్తాడు. వీలుంటే ఈసీజీ తీస్తాడు.

పాము కాటు దగ్గర ఆ టార్చి కూడా మోసం చేయగలదు. నాగుపాము, కట్లపాము విషం నరం చెప్పిన మాట కండరానికి చేరనివ్వదు. రెప్పలు వాలిపోతాయి, మాట పడిపోతుంది, ఊపిరి తీసే కండరాలు ఆగుతాయి. కంటిపాప వెలుగుకు కదలకపోవచ్చు. అయినా లోపల గుండె కొట్టుకుంటూనే ఉండొచ్చు. వెంటిలేటరు, విరుగుడు మందు సమయానికి అంది నడుచుకుంటూ ఇంటికి చేరినవాళ్లున్నారు. కట్లపాము రాత్రి నిద్రలో కరిస్తే నొప్పి ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లారి కదలని మనిషిని చూసి ఊరు ఏమనుకుంటుందో చెప్పనక్కర్లేదు.

బ్రెయిన్ డెత్ విషయంలో చట్టం పట్టుబట్టేదీ ఇందుకే. అవయవ మార్పిడికి కేంద్రం 1994లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో చట్టాలు చేశాయి. విషం, మత్తుమందుల ప్రభావం లేదని ముందు తేల్చాలి. నలుగురు డాక్టర్ల బృందం కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. ఆస్పత్రిలో అంత జాగ్రత్త ఉంటే, ఇంటి అరుగు మీద దూదిపింజతో తేల్చేస్తున్నాం.

నిజంగా ప్రాణం పోయాక ఒళ్లు తన లెక్క తాను చెబుతుంది. మొదట కండరాలన్నీ సడలుతాయి, నోరు తెరుచుకుంటుంది. కండరం సడలి ఉండటానికీ శక్తి కావాలి. దాని తయారీ ఆగిపోయాక బిగుసుకుపోతుంది. ఎండాకాలంలో గంట రెండు గంటల్లోనే రెప్పల్లో, దవడలో, మెడలో ఆ బిగుపు తెలుస్తుంది. కళ్లు మూయడం, దవడకు గుడ్డ కట్టడం, కాలి బొటనవేళ్లు కలిపి కట్టడం వెంటనే కానివ్వమని అవ్వలు తొందరపెట్టేది అందుకే. కొయ్యబారాక అవి కుదరవు.

ఆగిన నెత్తురు కిందికి దిగి వీపున ఊదారంగు మచ్చలు కడుతుంది. వాటిని చూసి కొట్టారనో, మందు పెట్టారనో తగాదాలకు దిగేవాళ్లున్నారు. నేలకు ఒత్తుకున్నచోట మాత్రం చర్మం తెల్లగానే ఉంటుంది. తర్వాత పొట్ట కుడివైపు కింద పచ్చబారుతుంది, కుళ్లు మొదలయ్యేది అక్కడే. కువైట్ నుంచి కొడుకు రావాలంటే ఫ్రీజరు పెట్టె తెచ్చేది దాన్ని ఆపడానికే.

ఎట్లా పోయారో కూడా ఒళ్లే చెప్పాలి. 2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.ఎస్.వివేకానందరెడ్డి చనిపోయారు. ముందు బయటికొచ్చిన మాట గుండెపోటు. పోస్టుమార్టం హత్య అని తేల్చింది. స్నానం చేయించి, తగలబెట్టాక అడిగితే ఏ శవమూ జవాబు చెప్పదు.

అందుకే ఒక్క మనవి. పాము కరిచినా, మోటారు దగ్గర కరెంటు కొట్టినా, పురుగుమందు తాగినా, కదలని మనిషిని పోయాడనుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే బండి వచ్చేదాకా ఛాతీ నడిమధ్య రెండు చేతులతో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. డాక్టరు చూసి చెప్పాకే పాడె కట్టండి.