సూది వేసిన గేదె పాలు

మా ఇంట్లో వరసగా రెండు రోజులు పెరుగు తోడుకోలేదు. మొదటిరోజు చలి అనుకున్నాను. రెండోరోజు గిన్నెని బియ్యం డబ్బాలో పెట్టినా తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి. పాలు పోసే ఆవిడ రాగానే, “ఏమ్మా, నీళ్లు కలుపుతున్నావా?” అని అడిగేశాను.

ఆమె ముఖం చిన్నబోయింది. “నీళ్లు కాదమ్మగారూ, గేదెకి పొదుగు వాచింది. సూదులు వేయిస్తున్నాను” అంది.

పొదుగువాపుకి వాడే పెన్సిలిన్ లాంటి యాంటీబయాటిక్ మందు కొంత పాలలోకి దిగుతుంది. క్రిముల్ని చంపే ఆ మందు, పాలను పెరుగు చేసే సూక్ష్మజీవుల్నీ ఎదగనివ్వదు. పెరుగు తోడుకోకపోవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. తోడుకుంది కదా అని పాలలో మందు లేదనీ అనుకోకూడదు. కాచితే పోతుందిలే అనుకుంటాం కానీ, చాలా యాంటీబయాటిక్స్ మరిగించినా పూర్తిగా పోవు. పెన్సిలిన్ పడనివాళ్లకు ఆ పాలతో దద్దుర్లు రావచ్చు. పైగా ఇలా కొద్దికొద్దిగా మందు అందుతుంటే క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి.

అందుకే ఈ మందులకు ఒక గడువు ఉంటుంది. ఆఖరి సూది వేసిన దగ్గర్నుంచి ఆ గడువు తీరేదాకా పాలు వాడకూడదు. 2012లో ఔషధ నియమాలను సవరించి, ఈ గడువును మందు సీసామీద ముద్రించాలన్నారు. ప్రత్యేకంగా నిర్ధారించని మందుకైతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. ఒక్క చన్నులోకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలూ పారబోయాల్సిందే.

పాడి ఉన్న ఇళ్లలో మరికొన్ని జాగ్రత్తలు:

* పోయినసారి మిగిలిన మందు సొంతంగా వేయకండి. పశువైద్యుణ్ణి పిలవండి.

* వాపు తగ్గింది కదా అని డాక్టరు చెప్పిన సూదులు మధ్యలో మానేయకండి.

* ఒక పశువుకి వాడిన సూది మరోదానికి వాడనివ్వకండి. వాడిన సూదుల్ని పేడకుప్పలో పారేయకండి.

* ఏ పశువుకి, ఏ రోజు, ఏ మందు వేశారో క్యాలెండర్ మీద రాసుకోండి.

* పశువును ఎదకు తెచ్చే ప్రోస్టాగ్లాండిన్ మందు చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు దాన్ని ముట్టుకోకూడదు.

ఇవన్నీ చెబితే ఆమె శ్రద్ధగా వింది. చివరికి, “వారం రోజులు పాలు పారబోస్తే దాణా ఖర్చు ఎవరిస్తారమ్మగారూ?” అంది. నా దగ్గర జవాబు లేదు. అంతకుముందు నెలలో రెండు పూటలు పాలు రాలేదని లెక్కగట్టి డబ్బు కోసుకున్నది నేనే!

ఆమె దగ్గర వాడిక పోయించుకునే నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకున్నాం. సూది వేసిన వారం ప్యాకెట్ పాలు తెచ్చుకుందాం, వాడిక మాత్రం మార్చవద్దు, వచ్చేనెల డబ్బులో కొంత ముందే ఇద్దాం అనుకున్నాం.

మొన్న ఆమే ఖాళీ క్యానుతో వచ్చి, “సూది వేశారమ్మగారూ, వారం దాకా పాలు లేవు” అని చెప్పింది. ఆ మాట చెప్పే ధైర్యం ఆమెకి రావాలంటే, వినే ఓపిక ముందు మనకి ఉండాలి కదా!